నలభై ఒక్క పాయింట్ల తేడా

గురువారం పొద్దున మా పక్కింటి బాబాయిగారు గుండెపోటుతో పోయారు. ఆయన అంచనా రాసిన ఆట శనివారం మధ్యాహ్నం. ఆ మధ్యలో నేను ఒకచోట కూర్చోలేకపోయాను. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

బాబాయిగారు మాకు చుట్టం కాదు. అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో మా గోడకి అవతలి ఇల్లు ఆయనది. కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాక, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మీద పందేలు కాసేవాళ్ళ కోసం వారం వారం ఇంటర్నెట్‌లో అంచనాలు రాసేవారు. తాను మాత్రం పందెం కాసేవారు కాదు. "కాస్తే మనకి కావలసిందే కనబడుతుందమ్మాయ్" అనేవారు.

రెండేళ్ళ క్రితం ఆయన చూపు మసకబారింది. కూర ఇవ్వడానికి వెళ్ళిన నన్ను టీవీ ముందు నిలబెట్టి, "ఆ బెంచీ దగ్గర హెల్మెట్ తీసేసినవాడి నంబరెంత?" అని అడిగారు. నేను ఏడో తరగతితో చదువాపేసినదాన్ని. ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను.

"తెలుగులో చెప్పమ్మా. నేనేమైనా తెల్లవాణ్ణా?"

"ముప్పై నాలుగు" అన్నాను. ఈ దేశం వచ్చాక బయటివాళ్ళ ఇంట్లో నా గొంతు వినబడింది అప్పుడే.

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళేదాన్ని. ఆయన టీవీకి సౌండ్ ఆపేసేవారు. "వీళ్ళ అరుపులు వింటే ప్రతి ఆటా గొప్పదే అనిపిస్తుంది." నేను చూసి చెబితే, "ఇంకేం చూశావ్?" అని అడిగేవారు. ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

"మీరిద్దరూ కలిసి వేగాస్‌లో పందేల ఆఫీస్ ఓపెన్ చేయండి బాబాయ్" అని మా ఆయన ఏడిపించేవారు.

"చేస్తాంరా. నిన్ను డ్రైవర్‌గా పెట్టుకుంటాం."

ఈ వారం ఆట ఒక పెద్ద యూనివర్సిటీకీ ఒక చిన్న కాలేజీకీ. ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. పందెం అంతా తేడా మీదే, అది నలభై ఒక్క పాయింట్లు దాటుతుందా లేదా అని.

"దాటుతుంది. ఏమంటావ్?" అన్నారు బుధవారం.

"దాటదు బాబాయిగారూ."

"ఏం?"

"ఆ పెద్ద యూనివర్సిటీవాళ్ళ గ్రౌండ్‌లో ఈ ఏటికి ఇదే ఆఖరి ఆటన్నారుగా. చదువు అయిపోయే పిల్లల అమ్మానాన్నల్ని ముందు గ్రౌండ్‌లోకి పిలుస్తారనీ మీరే చెప్పారు. నాలుగేళ్ళు బెంచీ మీదే ఉన్నవాళ్ళని కోచ్ ఆ రోజైనా దింపడా? వాళ్ళు దిగితే తేడా తగ్గదా?"

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. "ఇన్నేళ్ళు రాస్తున్నా, నాకు తట్టలేదు చూడు" అని ఫోన్‌లోకి అంచనా మార్చి చెప్పేశారు.

"తప్పితే?"

"నన్ను తిడతారు. నువ్వు హాయిగా ఉండు."

తిట్టించుకోవడానికి ఇప్పుడాయన లేరు. ఆయన పేరు మీద మిగిలిన ఆఖరి మాట నాది. అది తప్పకూడదు.

శనివారం మా ఇంట్లోనే సౌండ్ ఆపి చూశాను. సగం ఆట అయ్యాక కోచ్ నిజంగానే బెంచీ మీది పిల్లల్ని దింపాడు. ఇంక ఒక్క నిమిషం ఉంది. తేడా ముప్పై ఎనిమిది. అప్పుడు బంతి ఆ పిల్లల్లో ఒకడి చేతికొచ్చింది. వాడి బట్టల మీద ఒక్క మరకైనా లేదు.

"పడిపో, పడిపో" అని పైకే అన్నాను. మా ఆయన నా వైపు వింతగా చూశారు.

వాడు పడలేదు. ఇద్దర్ని విదిలించుకుని ఆఖరి గీత దాటేశాడు. దానికి ఆరు పాయింట్లు. తేడా నలభై నాలుగైంది.

"పోయింది" అన్నారు మా ఆయన మెల్లగా.

బెంచీ మీదివాళ్ళు దిగుతారని పట్టుకోగలిగాను. దిగాక ఊరుకోరన్నది నాకు తట్టలేదు. బాబాయిగారూ, మీ ఆఖరి మాట నా వల్లే తప్పింది. అయినా, ఆ పిల్లవాడు పడిపోయి ఉంటే బాగుండేదని మాత్రం అనలేకపోతున్నాను.

బంతి ఇమ్మని అంపైర్ చేయి చాపాడు. వాడు ఇవ్వలేదు. రెండు చేతులతో పొట్టకి అదుముకుని, గీతకి అవతల మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు.