పొయ్యిలో కోడి

నేను మాచవరం దగ్గర ఒక బడిలో టీచర్ని. ఆమధ్య జనాభా లెక్కలకు నాకు డ్యూటీ పడింది. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబం, పొయ్యి వేరైతే కుటుంబం వేరు. ట్రైనింగులో మాకు చెప్పింది అదే.

ఒక ఇంట్లో అన్నదమ్ములు నడుమ గోడ కట్టుకుని, మాటల్లేకుండా ఉంటున్నారు. రెండు కుటుంబాలుగా రాయమన్నారు.

"గుంటూరు జిల్లానే ముక్కలు చేశారు, మేం యిడిపోతే తప్పేంది మేడం? ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నాడు అన్న.

పొయ్యి చూసి రాసుకుంటానన్నాను. "ఎందుకులే మేడం" అంటూ తోడికోడళ్ళిద్దరూ అడ్డొచ్చారు. నేను వినలేదు. వంటింట్లోకి ఏనాడూ తొంగిచూడని అన్న కూడా నా వెనకే వచ్చాడు.

పొయ్యిలో గడ్డి పరిచి ఉంది. దానిమీద కోడి పొదుగుతోంది.

"ఏందే ఇది?" అని అరిచాడు అన్న.

"మీరు పొలం పోయినాక ఇద్దరం ఆ ఇంట్లోనే వండుకుంటన్నాం. మీ పంతానికి ఇద్దరం పొగ మింగాలా?" అంది అతని భార్య.

అన్న ముఖం చూసి, పచ్చటి సంసారంలో చిచ్చు పెట్టాననుకున్నాను. అతను విసురుగా గోడ దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, రాత్రి గోంగూరలో ఉప్పెక్కువైంది. నీకూ అట్టనే ఉందా?"

గోడ అవతల నుంచి తమ్ముడి గొంతు వినబడింది.

"చానా ఎక్కువైంది, అన్నా."

నేను ఒక కుటుంబమనే రాసుకుని, కోడిని లేపకుండా బయటికొచ్చాను.