చెప్పిన రోజుకే ఇచ్చిన ఖాకీ జత

1943లో అమీర్‌పేట ఇంకా పట్నంలో కలవలేదు. పంజాగుట్ట వైపు పోయే దారికి అటూ ఇటూ తోటలు, అక్కడొక బంగళా, ఇక్కడొక బంగళా. బేగంపేటలో లేచిన విమానాలు మా నెత్తి మీదుగానే పోయేవి. ఆ దారి పక్కన నా దర్జీ దుకాణం. ఆ రోజుల్లో సికింద్రాబాదు కంటోన్మెంటులో సగం పటాలానికి నేనే బట్టలు కుట్టేవాణ్ని.

సగం పటాలం అన్నాను కదూ. నలుగురైదుగురు సిపాయిలు. అందులో ఇద్దరు మా వాడకట్టువాళ్లే, ఒకడు దారి తప్పి వచ్చినవాడు.

మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. సర్కారు సిపాయికి ఇచ్చే ఖాకీ జతను ఇష్యూ అనేవాళ్లు. అది పెద్దదిగానో చిన్నదిగానో ఉంటుంది తప్ప ఎవడి ఒంటికీ సరిపోదు. దాన్ని విప్పి, ఆ మనిషి కొలతకు మళ్లీ కత్తిరించి కుట్టడాన్ని ఆల్టరేషన్ అంటారు. విప్పిన ముక్కలను ముందు పొడుగు దారంతో చేత్తో వదులుగా కలిపి, ఒకసారి తొడిగి చూస్తాం. ఆ కుట్టు కచ్చా కుట్టు, ఆ తొడగడం ట్రయల్. అన్నీ సరిగ్గా ఉంటే మిషను మీద పక్కా కుట్టు వేసి, కచ్చా దారం లాగేస్తాం.

ఇంకొకటి కూడా ఉంది. దర్జీ చెప్పిన రోజు వేరు, ఇచ్చే రోజు వేరు. వచ్చిన పనిని కాదనలేక అన్నీ ఒప్పుకుంటాం. మనిషి వచ్చి నిలబడితే "కాజాలు మిగిలినయి" అంటాం. కాజాలంటే గుండీలు పట్టే రంధ్రాలు. అవి ఎప్పుడూ మిగిలే ఉంటాయి. సిరిసిల్లలో మగ్గం నేసిన మా నాయన కూడా చీర చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. ఈ విషయంలో మాది పాత వంశం.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా దేవసహాయం వచ్చాడు. పంజాగుట్టలో ఒక దొర బంగళాలో వాళ్ల నాయన వంటవాడు, భార్య మార్తమ్మ అదే బంగళాలో ఆయా. ఇతను ఫౌజులో లారీ నడిపేవాడు. సెలవు మీద ఇంటికి వచ్చి, ఖాకీ జత నా బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు.

"రాజన్నా, నేను ఛత్రీ ఫౌజుకు పోతున్ననో పోతలేనో నాకే సమజైతలేదు."

విమానంలో నుంచి దూకి, గుడ్డ గొడుగు పట్టుకుని నేల మీదికి దిగే పటాలాన్ని అప్పట్లో ఛత్రీ ఫౌజు అనేవాళ్లు. దానికి మనుషులను ఏరి, ఉత్తరాదికి పంపి, కఠినమైన శిక్షణ ఇప్పించేవారు. కాళ్లు విరిగినవాళ్ల కథలు అప్పటికే మా దాకా వచ్చాయి.

"సమజ్ గాకపోవుడేంది? నువ్వు పేరిచ్చినవా లేదా?" అన్నాను.

"పరేడ్‌ల నిలబెట్టిండ్రు. వచ్చేటోళ్లు ఒక్క అడుగు ముందుకెయ్యున్రి అన్నడు పటాలం దొర. నా కుడి దిక్కు ఉన్నోడు ఏసిండు. ఎడమ దిక్కు ఉన్నోడు ఏసిండు. నడుమల నా కాలు సుత పోయింది."

"నువ్వేసినవా, పోయిందా?"

"గదే చెప్తున్న గదనే, తెల్వదు!"

అడుగు వేసినవాళ్లంతా సోమవారం దొర ముందుకు వచ్చి, ఖాయంగా వస్తామో లేదో చెప్పాలి. దేవసహాయం ఖాకీని చూసి సుబేదారు మండిపడ్డాడట. "గీ డేరా ఏస్కొని దొర ముందు నిలబడతవా? కుదిచ్చుకొని రా. లేకుంటే రానే రాకు, లారీ తోలుకో" అన్నాడట. పాత జత ఉంది కానీ మోకాళ్ల దగ్గర చిరిగింది.

"శనివారం పొద్దుగూకే వరకు నీ చేతుల పెడతా" అన్నాను.

"పక్కానా?"

"నా మాటంటే ఏమనుకున్నవ్?"

అతని మొహంలో ఏదో నెమ్మది కనిపించింది. నా మీద నమ్మకం అనుకున్నాను.

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "రాజన్నా, గా ఛత్రీ అంటే బట్టనే గదా? ముక్కలు ముక్కలు కుడతరు గదా? మనిషి బరువుకు కుట్లు ఆగుతయా?"

అప్పుడు నేనేం చెప్పానంటే: బొంబాయిలో ఉన్నప్పుడు అలాంటి ఛత్రీలు నా చేత్తో కుట్టాను. అది పట్టు. ప్రతి కుట్టూ డబుల్ సీమ్, అంటే అంచును మడిచి, లోపలికి దోపి, రెండు వరుసలు వేసే కుట్టు. ఏనుగును వేలాడదీసినా ఆగుతుంది. ఒక తెల్లదొర నా కుట్టు చూసి టోపీ తీశాడు.

దేవసహాయం నోరు తెరుచుకుని విన్నాడు. ఆ నోరు చూసే ఏనుగును కలిపాను.

ట్రయల్ నాడు కచ్చా కుట్టు చొక్కా తొడిగాను. గుండుసూదులు నోట్లో పెట్టుకుని వీపు వెనక చాక్‌పీసుతో గీత గీస్తున్నాను. అతను ఉన్నట్టుండి కుడి చెయ్యి ఎడమ భుజం మీద వేసి, చొక్కా చెయ్యిని బలంగా గుంజాడు. చర్రున ఊడి అతని చేతిలోకి వచ్చింది.

ఇద్దరం ఆ చేతిని చూస్తూ నిలబడ్డాం.

"గిదా ఏనుగును మోసే కుట్టు?" అన్నాడు. మొహం పాలిపోయింది.

సూదులు నోట్లోంచి తీసి అరిచాను. "అరే పిచ్చోడా! గది కచ్చా! ఊడనీకే ఏస్తరు దాన్ని! పక్కా కుట్టు ఇంక పడలే!"

"మరి ఛత్రీ కుట్టేటోడు పక్కా కుట్టు ఏసిండో మర్సిపోయిండో నాకెట్ల ఎరుక? పైన పోయినంక గుంజి చూడాల్నా?"

మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కించడం మొదలుపెట్టాను. జవాబు లేనప్పుడు ఏ దర్జీ అయినా చేసే పని అదే. అతను ఊడిన చెయ్యిని జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మార్తమ్మ వచ్చింది. బంగళా పిల్లను చంకనేసుకుని, దుకాణం లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, ఒక మాట. మా ఆయన బట్టలు సోమారం దాక ఇయ్యకు."

"గదేంది చెల్లె? మాటిచ్చిన గదా."

"నీ మాట సంగతి అమీర్‌పేటంత ఎరుకే తియ్యన్నా. ఎప్పటి లెక్కనే చెయ్యి, చాలు. బట్టలు లేకుంటే పోడు."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏదీ బయటికి రాలేదు. తల ఊపాను. అది సరే అనో, కాదు అనో నాకే తెలియదు. ఆమె సరే అనుకుని పోయింది.

ఇక నా పరిస్థితి చూడండి. మాట నిలుపుకుంటే మనిషిని విమానమెక్కించినవాణ్ని అవుతాను. ఎప్పటిలాగే ఆలస్యం చేస్తే వాణ్ని ఆపినవాణ్ని అవుతాను. కాజాలు కుట్టనా మాననా అన్నది ఒక మనిషి బతుకు సంగతి అవుతుందని ఏ ఉస్తాదూ నాకు నేర్పలేదు. చొక్కాకు చేతులు పెట్టాను. ఒక చెయ్యి మళ్లీ విప్పాను. మళ్లీ పెట్టాను.

శనివారం పొద్దున్నే మార్తమ్మ మళ్లీ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"అన్నా, బట్టలు కుట్టెయ్యి. మాటిచ్చినట్టే ఇయ్యి."

"నిన్ననే గదమ్మా వద్దన్నవ్?"

"రాత్రంత ఆలోచన చేసిన. బట్టలు లేక ఆగిపోయిండనుకో, ఇగ జన్మంత నేను వినాలె. దర్జీ రాజన్న టైముకు ఇస్తే నేను ఛత్రీ ఫౌజుల ఉండేటోణ్ని, గింత పెద్ద ఆఫీసర్ని అయ్యేటోణ్ని అని. కూర నచ్చకున్నా గదే, పిల్లలు ఏడ్చినా గదే. గది నాకొద్దన్నా. పోతే పోనీ, మానితే మాననీ. ఆయన నోటితోని ఆయన చెప్పాలె."

"పోతా అంటే?"

"ప్రార్థన చేసుకుంట" అని కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు అన్నం కూడా తినకుండా కుట్టాను. ప్రతి అంచుకూ డబుల్ సీమ్ వేశాను, అవసరం లేనిచోట కూడా. కాజాలు నా చేత్తో నేనే తీశాను. ఇస్త్రీ పెట్టె బొగ్గులు చల్లారకముందే దేవసహాయం వచ్చాడు. వస్తూనే నిర్లక్ష్యంగా అన్నాడు.

"ఏం రాజన్నా, కాజాలు మిగిలినయా?"

"మిగల్లే. తయారైంది. తొడుగు."

అతను కదల్లేదు. బల్ల మీద మడత పెట్టి ఉన్న ఖాకీని, పామును చూసినట్టు చూశాడు.

"మస్కిరి చేస్తున్నవా?"

"గుండీలతో సహా అయింది. చూస్కో."

దేవసహాయం మొహం ఎర్రబడింది. "ఇదేం అన్యాయం రాజన్నా! గింత మంది దర్జీలుండంగ నీ కాడికే ఎందుకొచ్చిననుకున్నవ్? సికింద్రాబాద్ల ఇస్తే ఒక్క పూటల చేతుల పెడుతుండె! నువ్వు సచ్చినా ఇయ్యవని వచ్చిన! సోమారం పోయి, దర్జీ ఇయ్యలే సాబ్ అని చెప్దామనుకున్న!"

అప్పుడు అర్థమైంది, మొదటి రోజు అతని మొహంలో నేను చూసిన నెమ్మది ఏమిటో.

ఇస్త్రీ పెట్టెలోని బొగ్గులు బయట పోసి వచ్చాను. చివరికి నేనే అన్నాను. "తమ్మీ, నేను ఛత్రీ కుట్టలే. కుట్టుడు గాదు, కండ్లతోని సుత చూడలే. బొంబాయి సుత పోలే."

"గది నాకెరుకే" అన్నాడు విసుగ్గా. "ఏనుగు కాడనే సమజైంది. అయినా అడుగుతున్న, చెప్పు. పోవాల్నా వద్దా?"

నా జీవితంలో ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని అన్న అలవాటు లేదు. ఆ రోజు అన్నాను. "నాకు తెల్వది. నీకేమనిపిస్తుంది?"

అతను చొక్కా తొడుక్కున్నాడు. ఎంత బాగా కుదిరిందంటే, చెప్పకూడదు కానీ, దొరసాని కూడా తిరిగి చూసేంత. అద్దం ముందు నిలబడి, కాలర్ సర్దుకుని, అద్దంలోని మనిషితో అన్నట్టు మెల్లగా అన్నాడు. "భయమైతుంది రాజన్నా. బాగ భయమైతుంది. పక్కోళ్లు ఏసిండ్రని అడుగేసిన. అంతే."

"మరి గదే చెప్పు."

"ఏసినోళ్లందరి ముందల ఎట్ల చెప్పాలె? దూకుడే నయం గద దానికన్నా."

సోమవారం ఆ బట్టలతోనే సికింద్రాబాదు పోయాడు. చెబుతాడో, దూకుతాడో తెలియదు. మార్తమ్మ నా దుకాణంలో, గడప లోపల కూర్చుంది. నేను ఒకరి పైజామాకు మూడో కాలు కుట్టబోయాను.

అతను సాయంత్రం నడిచి వచ్చాడు. మొహం వింతగా ఉంది.

"చెప్పినవా?" అంది మార్తమ్మ.

"చెప్పిన. నాకు భయం, నేను రాను సాబ్ అన్న."

"ఏమన్నడు?"

"ఏమనలే. సరే అని తల ఊపి, ఎనకాలోణ్ని పిలిచిండు." ఏదో పోగొట్టుకున్నవాడిలా అన్నాడు. "ఒక్క మాట సుత అనలేదే. తిట్టనన్న తిట్టలే."

మార్తమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. సంతోషమా అంటే కాదంది. దుఃఖమా అంటే కాదంది. ఇద్దరూ పంజాగుట్ట వైపు నడిచిపోతుంటే చూశాను. అతను ఆ తర్వాత లారీతోనే తూర్పు దిక్కుకు పోయి, యుద్ధం అయ్యాక క్షేమంగా వచ్చాడు.

ఒక వీరుణ్ని తయారు చేశానని కొన్నాళ్లు, ఒక ప్రాణం కాపాడానని కొన్నాళ్లు చెప్పుకు తిరిగాను. రెండూ కాదు. ఒక ఖాకీ జత చెప్పిన రోజుకు ఇచ్చాను, అంతే. అయితే ఆనాటి నుంచి కొలతలు తీసుకునేటప్పుడు మనిషి మొహం చూడటం నేర్చుకున్నాను. పెళ్లికొడుకైనా సరే, ఉద్యోగానికి పోయేవాడైనా సరే, చెవి దగ్గరికి వంగి అడిగేవాణ్ని: "నిజంగా ఆ రోజుకు కావాల్నా, అందకుంటే మంచిదా?" చాలామంది నవ్వేవాళ్లు. ఒక్కొక్కడు మాత్రం నవ్వకుండా, అటూ ఇటూ చూసి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చునేవాడు.