రత్నకుమారిగారి సంతకం

నిన్న మెట్రోలో పక్కనున్నాయన ఫోన్‌లోంచి ఒక ప్రకటన వినిపించింది: "మీ దగ్గర లేని షేర్లయినా ముందు అమ్మండి, ధర తగ్గాక కొనండి!" ఆ హుషారు గొంతు వినగానే నాకు ఒళ్లు మండింది. ఒకప్పుడు ఆ మాటలే, అంత హుషారుగానూ, నేనే చెప్పేదాన్ని.

మాదాపూర్‌లో ఒక బ్రోకర్ ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. ఖాతాదారులకు ఫోన్ చేసి, ఇలా లేని షేర్లు అమ్మే షార్ట్ సెల్లింగ్ చేయించాలి. మేము నిబంధనలు పాటిస్తున్నామో లేదో చూసే అధికారి రత్నకుమారిగారు. గుంటూరు నుంచి వచ్చి నల్లగండ్లలో స్థిరపడినావిడ. నేను చేరిన రోజే పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మార్జిన్ డబ్బు, అంటే పూచీగా పెట్టే సొమ్ము, ముందే ఖాతాలో ఉండాలమ్మా. అమ్మినవాటిని ఆ రోజు మార్కెట్ మూసేలోపు తిరిగి కొనెయ్యాలి. ధర ఆ రోజుకు పెట్టిన పైహద్దుకు చేరి అమ్మేవాళ్లే లేకపోతే? ఎక్స్ఛేంజ్ వేలంలో కొని, ఆ ఖర్చు, జరిమానా కూడా అమ్మినవాళ్ల నెత్తిన వేస్తుంది. ఈ సంగతి చెప్పకుండా ఫోన్ పెట్టెయ్యకు."

మేనేజర్ మాత్రం, "అది చెప్తే ఎవరు ముందుకొస్తరు? ఫారంలో రాసుంది గద, చాలు," అనేవాడు. నేను అతని మాటే విన్నాను.

బాచుపల్లి బడిలో వ్యాయామం నేర్పే యాదగిరి సార్ నా మాట నమ్మి షేర్లు అమ్మారు. మధ్యాహ్నానికి ధర పైహద్దుకు చేరింది. వేలం ముగిశాక ఆయన ఆఫీసుకొచ్చారు.

"ఏంది మేడం ఇది? కొందామంటే అమ్మెటోడే లేడు. మూడు నెలల జీతం పోయింది. గిట్లయితదని ఒక్క మాటన్న చెప్పిన్రా?"

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి కాగితం ముందు పెట్టాడు. "అన్నీ చెప్పిన అని రాసియ్యి. లేకుంటే రేపట్నుంచి రాకు."

వెనకే రత్నకుమారిగారు వచ్చారు. "చెప్పావా?"

"లేదు మేడం."

తిడతారనుకున్నాను. ఆవిడ కాగితం లాక్కుని, 'వేలం సంగతి ఖాతాదారుడికి చెప్పలేదు. చెప్పవద్దన్నది మేనేజరే' అని రాసి సంతకం చేశారు. కలం నా చేతికిచ్చారు. నేనూ చేశాను. దాని నకలు యాదగిరి సార్‌కిస్తూ, "ఇది జతచేసి ఎక్స్ఛేంజ్‌కి ఫిర్యాదు పెట్టండి. ఊరుకోకండి," అన్నారు.

ఆయనకు సగానికి పైగా డబ్బు తిరిగొచ్చింది. రత్నకుమారిగారి ఉద్యోగం పోయింది. మేనేజర్‌కు పదోన్నతి! నాకు ఒక్క హెచ్చరికతో సరిపెట్టారు. ఆవిడ బల్ల ఖాళీ చేస్తుంటే ఎవరూ తలెత్తలేదు. నేను మాత్రం ఆవిడతో లిఫ్టు దాకా వెళ్లి ఏడ్చాను.

"ఏడవకు. నువ్వు నిజం రాశావు, అది చాలు," అన్నారు.

చాలదు. నిజం రాసినావిడ ఇంటికి పోవడం, అబద్ధం రాయమన్నవాడు పై కుర్చీ ఎక్కడం ఎక్కడి న్యాయం? ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు, చల్లారనివ్వలేదు. ఇవాళ మరో సంస్థలో ఆవిడ చేసిన పనే నేను చేస్తున్నాను, ఆ కోపంతోనే.