ఉలవలు పరిచిన రోడ్డు

మా ఆయన్ని కట్టుకున్నందుకు ఒక్క రోజూ బాధపడలేదు గానీ, ఆయన కారు ఎక్కినందుకు మాత్రం ఎక్కిన ప్రతిసారీ చెంపలేసుకున్నాను.

పెళ్లయిన కొత్తలో ఆయన యుద్ధం జరుగుతున్న దేశానికి డ్రైవరుగా పోయాడు. రోడ్లు వేసే కంపెనీలో పని. అక్కడి జనం పాత జర్మనీ కార్లే నడుపుతారట. ఒక పక్క బాంబులు పడుతున్నా పెళ్లికీ సంతకూ వాటిలోనే తిరుగుతారట. తిరిగొచ్చాక అనంతపురంలో ఒక డాక్టరు మూలన పడేసిన అలాంటి కారునే వెతికి పట్టుకొచ్చాడు. దాని వెనక తలుపు బయటినుంచి తీస్తే తప్ప రాదు. చిన్న సామాను పోయినా బెంగళూరుకు పరుగెత్తాలి. అయినా ఇది చావదే అని మురిసిపోతాడు. అది చావదు సరే, మమ్మల్ని బతకనివ్వాలి కదా!

ఇక నడిపే తీరు చూడాలి. ఎంత చలైనా అద్దాలు దించాల్సిందే. ఏదైనా పేలితే గాజుపెంకులు మొహాన పడతాయట. గార్లదిన్నె పక్క మా పల్లెలో బోరు మోటారు తప్ప ఏం పేలుతుంది? పోలీసు కనబడితే చాలు, బండి నెమ్మది చేసి రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెడతాడు. నన్నూ కదలొద్దంటాడు. దాంతో లేని అనుమానం పుట్టి ఒకసారి డిక్కీ అంతా వెతికించారు. దొరికింది మా వదినకు తీసుకుపోతున్న శనక్కాయల ఉండలు.

పోయిన మాఘమాసంలో మా అమ్మకు అనంతపురంలో గుండె ఆపరేషను. లోపలికి తీసుకుపోయేలోపు నన్ను ఒకసారి చూడాలని అడుగుతోందని తమ్ముడు పొద్దున్నే ఫోను చేశాడు. ఆ వయసులో మళ్లీ కళ్లు తెరుస్తుందో లేదో ఎవరు చెప్పగలరు? గుండె చేత పట్టుకుని కారెక్కాను.

ఊరు దాటగానే రోడ్డు నిండా కాయలతో పీకి ఎండబెట్టిన ఉలవకట్టె పరిచి ఉంది. మా వైపు కళ్లాల పని ఎప్పుడో పోయింది, బండ్ల చక్రాలే ఉలవలు రాలుస్తాయి. బస్సులూ ఆటోలూ పైనుంచే పోతాయి. మా ఆయన మాత్రం బ్రేకు వేశాడు. రోడ్డు మీద ఏది కప్పి ఉన్నా ఆయన చక్రం ఎక్కించడు. మామూలు రోజుల్లో చుట్టుదారిన పోతాం, నేను సణుగుతూ కూర్చుంటాను. ఆ రోజు చుట్టుదారికి టైము లేదు.

పక్కన చేట పట్టుకుని ఉన్న ఉలవలామె, "ఏమప్పా, నిలబెట్టినావు? తొక్కిచ్చుకోని పో, మాకూ పనైతాది" అంది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆడ మా యమ్మ నా కోసం సూస్తాంది. నువ్వు ఈడ ఉలవలకు బయపడి కూర్చో" అని దిగి, ముందూరిలో ఆటో పట్టుకుందామని ఆ కట్టె మీదే నడవబోయాను.

రెండడుగులు వేశానో లేదో, పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. చేతి గాజు పగిలింది. ఆ చలిలో ఆయన మొహమంతా చెమట.

"ఆ దేశంలో నాతో పనిచేసే ఆయప్ప ఇట్లే దిగి ముందు నడిచినాడు. గడ్డే కదా పరిచిండేది అన్నాడు. దాని కింద బాంబుండె. నేను కార్లో కూసోని చూస్తానే ఉంటి."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

ఆయనే నా ముందుకొచ్చాడు. "నేను నడుస్తా. నా అడుగు పడినచోటే నువ్వు అడుగెయ్యి" అన్నాడు. అలాగే ఆ చివరిదాకా పోయాం. నన్ను దూరంగా నిలబెట్టి, ఒక్కడే వెనక్కి పోయి కారు తెచ్చాడు. ఉలవలామె ముక్కున వేలేసుకుంది.

అమ్మను లోపలికి తీసుకుపోయేలోపే అందుకున్నాం. అంత బాధలోనూ గాజేమైందని అడిగింది. కారు తలుపులో పడి పగిలిందన్నాను. ఆ పాడు కారు అమ్మి పారేయమంది. దేవుడి దయవల్ల బతికి బయటపడి, ఇప్పటికీ అదే మాట అంటోంది.

ఈ ఏడూ ఉలవలు రోడ్డెక్కాయి. ఆయన ముందు, నేను వెనక. ఆటోవాళ్లు హారన్లు కొడతారు, చూసినవాళ్లు నవ్వుతారు. ఆ చివర చేరేదాకా నేను ఆయన్ని తిడుతూనే ఉంటాను, గట్టిగా. నా తిట్లు వినబడినంతసేపూ ఆయన వెనక్కి తిరిగి చూడడు.