రీపోలింగ్ అన్న మాట

ఆ ఎన్నికలో రిగ్గింగ్ జరగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివరిదాకా వినే ఓపిక ఎవరికీ ఉండదని ఈ రెండేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది. అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాలన్నిటికీ కలిపి ఒక జాతీయ సమాఖ్య ఉంది. దాని అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో ఎవరి ఓటునూ ఎవరూ దొంగిలించలేదు. జరిగిన చెడు అంతా నేను రాసిన ఒక్క మాట వల్ల జరిగింది.

మాది వర్జీనియాలో, షాంటిలీ దగ్గర ఒక చర్చి. సొంత బిల్డింగ్ లేదు. పొద్దున అమెరికన్ల ఆరాధన ముగిశాక మధ్యాహ్నం అదే హాలు మాకు అద్దెకిస్తారు. సమాఖ్య రాజకీయాలు మా దాకా ఎప్పుడూ పెద్దగా రాలేదు. పెద్దలు ముందే ఫోన్లలో మాట్లాడుకుని ఒకరిని ఖాయం చేసేవారు, తర్వాత ఏకగ్రీవమని ప్రకటించేవారు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ ఏడు మాత్రం ముగ్గురు నిలబడ్డారు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక డాక్టర్, టెక్సస్ నుంచి ఒక పాస్టర్, మా చర్చి నుంచి నేను అక్కా అని పిలిచే ఒకామె. ఆ పదవికి ఆడమనిషి నిలబడటం అదే మొదటిసారి.

ఆమెది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, వీసా గడువు తరుముకొస్తుంటే పిల్లల్ని వెంటబెట్టుకుని ఏం చేయాలో తోచని కుటుంబాలను ఆమె చాలా దగ్గరగా చూసింది. అలాంటివాళ్ళకు దేశంలోని మన చర్చీలన్నీ కలిసి అండగా నిలిచే ఏర్పాటు చేయాలని ఆమె కోరిక. పదవి కావాలనుకున్నది అందుకే.

ఓటు ఫోన్‌లోనే వేయాలి. లింక్ వస్తుంది, నొక్కితే కోడ్ వస్తుంది, ఆ కోడ్ కొడితే ముగ్గురి పేర్లు కనిపిస్తాయి. మా చర్చిలోని పెద్దవాళ్ళలో చాలామందికి ఇది చేతకాలేదు. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర ఆమె ఒక్కొక్కరి పక్కన కూర్చుని కోడ్ ఎక్కడ కొట్టాలో చూపించింది. పేరు మీద నొక్కేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. నేను బిర్యానీ ట్రేల వెనక నిలబడి వడ్డిస్తూ చూశాను.

"ఇదిగో అమ్మాయ్, నీకే నొక్కుతున్నా," అన్నాడు ఒక పెద్దాయన.

"నాకు చెప్పకూడదు బాబాయ్."

"చెప్తే ఏమైద్ది, ఓటు చెల్లదా?"

"ఓటు చెల్లుద్ది. నాకు పొగరొచ్చుద్ది."

టేబుల్ అంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఇదే దృశ్యాన్ని జనం ఇంకోలా చెప్పుకున్నారు కాబట్టి నేను చూసింది ఇక్కడ రాస్తున్నాను.

ఫలితాల్లో ఆమె మొదటి స్థానంలో ఉంది, డాక్టర్ రెండో స్థానంలో. కానీ ఎవరికీ సగానికి మించి రాలేదు. సమాఖ్య నియమావళి ప్రకారం గెలవాలంటే సగం దాటాలి, దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఓటింగ్ పెట్టాలి, ఇంగ్లీషులో రనాఫ్ అంటారు. ఆ నియమం మొదటినుంచీ ఉంది. ఎప్పుడూ పోటీయే లేదు గనక దాని అవసరం ఎవరికీ పడలేదు.

ఎన్నికల కమిటీలో నేనూ ఉన్నాను. సమాఖ్య సెక్రటరీ ఫోన్ చేశాడు.

"బ్రదర్, వచ్చే సండే రనాఫ్. ఇంగ్లీష్ మెయిల్ నేను పంపించేస్తా. పెద్దోళ్ళకి రనాఫ్ అంటే అర్థం కాదు. మీ తెలుగు బాగుంటది కదా, సింపుల్‌గా ఒక వాట్సాప్ మెసేజ్ రాసిపెట్టండి. అన్ని గ్రూపుల్లో వేద్దాం."

నా తెలుగు బాగుంటుందని అందరూ అనేవారు, నేనూ నమ్మేవాణ్ణి. 'తుది పోరు' అని రాస్తే సినిమా పోస్టర్‌లా ఉందనిపించింది. 'రెండో విడత' అంటే ఇంకా కొన్ని రాష్ట్రాల్లో ఓటింగ్ మిగిలిందనుకుంటారు. చివరికి ఇలా రాశాను: 'అధ్యక్ష పదవికి వచ్చే ఆదివారం రీపోలింగ్ జరుగుతుంది. దయచేసి అందరూ మళ్ళీ ఓటు వేయండి.' సగం దాటాలన్న నియమం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. సింపుల్‌గా ఉండాలన్నారు కదా.

నేను ప్రకాశం జిల్లాలో పెరిగినవాణ్ణి. రీపోలింగ్ ఎప్పుడు పెడతారో నాకు తెలియనిది కాదు. పక్క ఊళ్ళో బూత్‌లోకి జొరబడి బ్యాలెట్ పెట్టెలో ఇంకు పోసినప్పుడు పెట్టారు. పోలీసు వ్యాన్లు వచ్చాయి, మేం గోడెక్కి చూశాం. మా జనానికి ఆ మాటకు ఇంకో అర్థం లేదు. ఎక్కడో దొంగ ఓట్లు పడ్డాయి, పట్టుకున్నారు, అందుకే మళ్ళీ పెడుతున్నారు. అంతే. ఇది తెలిసి కూడా ఆ మాట నా వేళ్ళకు ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడే ఎడిసన్ నుంచి తెలిసిన ఒక ఆంటీ ఫోన్ చేశారు. "ఎవరు రిగ్గింగ్ చేశారంట బాబూ?" నేను నవ్వేసి, అలాంటిదేం లేదని నియమం వివరించాను. "అట్టాగా," అన్నారు ఆవిడ. ఆ "అట్టాగా"లో నమ్మకం లేదు. సాయంత్రానికి అదే ప్రశ్న ఇంకో రెండు వైపుల నుంచి వచ్చింది. ఈసారి ప్రశ్నతో పాటు జవాబు కూడా ఉంది. షాంటిలీలో ఒకామె ముసలివాళ్ళ ఫోన్లు లాక్కుని తనే నొక్కేసుకుందట.

సెక్రటరీకి ఫోన్ చేసి, మాట తప్పుగా పడింది, వివరణ పంపుదామన్నాను.

"ఇప్పుడు క్లారిఫికేషన్ ఇస్తే ఇంకా డౌట్ వచ్చుద్ది బ్రదర్. సండే అయిపోతే అందరూ మర్చిపోతారు. వదిలేయండి."

వదిలేశాను. ఆయన వద్దన్నాడన్నది నిజమే కానీ, అది నాకు కలిసొచ్చింది. నా తెలుగు తప్పని అన్ని రాష్ట్రాల గ్రూపుల్లో ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. వివరణ టైప్ చేశాను, చదువుకున్నాను, తుడిచేశాను.

ఆదివారం డాక్టర్ గెలిచాడు. ఆయన ఆమె మీద ఒక్క మాట అనలేదు. అనేవాళ్ళను ఆపనూ లేదు. టెక్సస్ పాస్టర్‌కు పడిన ఓట్లు ఎలాగూ ఆయనకే వెళ్ళేవని కొందరంటారు. కావచ్చు. నా మెసేజ్ వల్లే ఆమె ఓడిపోయిందని నేను రుజువు చేయలేను. కానీ ఓడిపోవడం వేరు, దొంగ అనిపించుకోవడం వేరు. ఆమె ఓటమిని వారంలో మర్చిపోయింది. రెండోదాన్ని జనం మర్చిపోనివ్వలేదు. ఆమె ఫోన్ అందుకుంటే చాలు, పెద్దవాళ్ళు తమ ఫోన్లు జేబుల్లో పెట్టుకోవడం నేను చూశాను. ఉద్యోగాలు పోయిన కుటుంబాల కోసం ఆమె సొంతంగా మొదలుపెట్టిన పనికి ఒక్క చర్చి కూడా కలిసిరాలేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. దేవుడు చేసిన మేలు చెప్పుకోవలసిన చోట నేను చేసిన కీడు చెప్పాను. నియమం చెప్పాను, నేను రాసిన మాట చెప్పాను, తుడిచేసిన వివరణ గురించి కూడా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. నాకు గుండె తేలికైంది. ఆ తేలిక భోజనాల దాకా కూడా నిలవలేదు.

"ఎంత మంచి మనసు బ్రదర్ మీది," అంది ఒక సిస్టర్, ప్లేటు చేతిలో పెడుతూ. "ఆవిడ చేసింది మీ మీద వేసుకున్నారు. అదీ ప్రేమంటే."

"లేదు సిస్టర్, నిజంగానే తప్పు నాదే."

"అదే అంటున్నా. ఇంకొకరైతే అట్టా అంటారా?"

ఆ గొంతులో వెటకారం లేదు. అది ఉన్నా బాగుండేది. ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చి నా భుజం తట్టారు. నేను కాదన్నకొద్దీ వాళ్ళ కళ్ళలో నా మంచితనం పెరుగుతోంది. అక్కడే అరవాలనిపించింది.

పార్కింగ్ లాట్‌లో ఆమె కారు డిక్కీలో ఖాళీ గిన్నెలు సర్దుతోంది. క్షమించమని అడిగాను.

"ఎప్పుడో క్షమించాన్లే తమ్ముడూ. ఇంక ఆపెయ్. నువ్వు చెప్పేకొద్దీ నేను దొంగనవుతన్నా."

"మరి నిజం ఎవరు చెప్పాలక్కా?"

"అప్పుడు చెప్పాల్సింది. ఆ వారంలో."

చాలా నెలలు ఆమె మాట మన్నించి ఊరుకున్నాను. మొన్న, ఇదంతా అచ్చులో రాయనా అని ఆమెను అడిగాను. చర్చిలో ఎదురుగా నిలబడి చెబితే నా మొహం చూసి మంచివాడన్నారు, కాగితం మీద మొహం ఉండదు కదా అన్నాను.

"రాసుకో. నా పేరు మాత్రం పెట్టకు," అంది.

పెట్టలేదు. ఆమెది పెట్టనప్పుడు ఇంకెవరిదీ పెట్టడం న్యాయం కాదనిపించింది. చదివినవాళ్ళలో ఆమెను ఎరిగినవాళ్ళు ఈమేనా అని పోల్చుకుంటారు. ఎరగనివాళ్ళకు ఎవరో ఒకామెగానే మిగిలిపోతుంది. పోయిన పేరును ఆ పేరు రాయకుండా ఎలా తిరిగివ్వాలో నాకు తెలియడం లేదు.