నడిమి గదిలో చేపపిల్ల

చేపపిల్లకు తిండి పెట్టడం నాకు రాదని మొదట కనిపెట్టింది నా కూతురు. దానికి అప్పుడు ఆరేళ్ళు. నేనేమో ఆసిఫాబాద్ బడిలో సైన్సు సారును. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, రాజ్యం మారాక అదే సైన్సును తెలుగులో చెప్పడం నేర్చుకున్నవాణ్ణి. నాకు తెలియనిది ఉందంటే ఒప్పుకునే రకం కాదు. దానికి తోడు ముక్కు మీద కోపం. ఈ రెండూ కలిసి నా ఇంట్లో ఏం చేశాయో ఎవరితోనూ చెప్పుకోలేక ఇన్నేళ్ళు గడిపాను. ఇప్పుడు నా భార్య కూడా లేదు కనుక రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్ళు అయి ఉంటుంది. ఎండాకాలం సెలవులకు జమ్మికుంట దగ్గరున్న మా అత్తగారి ఊరికి పోయాం. ఆ ఊరి చెరువులోకి అప్పుడే ఒక కొత్త రకం చేప వచ్చింది. తిలాపియా. తరువాతి కాలంలో జనం జిలేబి చేప అన్నారు గానీ అప్పటికి మా దగ్గర దానికింకా పేరే పెట్టలేదు. ఒకరోజు పొద్దున నేనూ బిడ్డా కట్ట మీద నిలబడి చూస్తుంటే, చేపలు పట్టే ఆయన వలలోంచి ఒక పెద్ద చేపను తీసి నీళ్ళ బకెట్లో వేశాడు. వేసీ వేయగానే దాని నోట్లోంచి పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చాయి. నా బిడ్డ నా ధోవతి గట్టిగా పట్టుకుంది.

"బాపూ, అది పిల్లలను తిన్నదా?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పాడు. "తినలే బిడ్డా. గా పిల్లలు దానియే. గీ చేప పిల్లలను నోట్లెనే వెట్టుకొని సాదుతది. గవి పెద్దగయ్యెదాక అది కడుపుకు ఏం తినది."

ఇది సిక్లిడ్ అనే కుటుంబానికి చెందిన చేప, వీటిలో పిల్లలను సాకే తీరే వేరు అని నేనొక చిన్న పాఠం మొదలుపెట్టాను. ఇద్దరిలో ఎవరూ వినలేదు. బిడ్డ బకెట్ దగ్గర గొంతుక్కూర్చుని, తల్లిని అమ్మేస్తే ఈ పిల్లలను ఎవరు సాదుతారని ఆయన్ని అడుగుతోంది. చివరికి ఆయన ఒక గాజు సీసాలో నాలుగు పిల్లలను పోసి ఇచ్చాడు.

జమ్మికుంటలో రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగేలోపల మూడు చచ్చిపోయాయి. స్టేషన్ స్టేషన్‌కూ దిగి నీళ్ళు మార్చింది నేనే. అట్లా మార్చడం వల్లే చచ్చిపోయాయేమోనని నా భార్య అంది. నేను ఊరుకోలేదు, దారి పొడుగునా ఆమెతో వాదించాను. మిగిలిన ఒక్కటీ వేలి గోరంత ఉంది. వీపు మీది రెక్కలో నల్లటి చుక్క. ఈ జాతి పిల్లలన్నిటికీ చిన్నప్పుడు ఆ చుక్క ఉంటుందని చెప్పాను. మా బిడ్డ ఆ మాటా కొట్టేసింది. "వాళ్ళవ్వ దిష్టిచుక్క వెట్టింది" అంది. మా దగ్గర అవ్వ అంటే అమ్మ.

ఇంటికి వచ్చాక తొట్టి కట్టాను. బడిలో పాడైపోయిన బీరువాకున్న అద్దాలు అడిగి తెచ్చి, రేకుల పని చేసే ఆయనతో చట్రం చేయించి, అంచులకు లప్పం, లోపల డాంబర్ పూసి రెండు రోజులు ఆరబెట్టాను. అందాకా చేపను బకెట్లో ఉంచాం. మూడు గదుల ఇల్లు మాది. నడిమి గదిలో గోడ పక్కన బల్ల మీద దాన్ని పెడితే వీధిలో వాళ్ళంతా వచ్చి చూసిపోయారు. అద్దాల ఇంట్లో చేప ఉండడం అప్పటికి ఆసిఫాబాద్‌లో వింతే. నేను మీసం మీద చేయి వేసుకుని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పాను.

చేప మాత్రం నా చేతి తిండి తినలేదు. అన్నం మెతుకు వేస్తే నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. జొన్నరొట్టె నలిపి వేస్తే నీళ్ళు గంజిలా అయ్యాయి. నాలుగో రోజున అది అడుగున ఒక మూల పడి ఉంటే, బిడ్డ తానూ తిననని మొండికేసింది. అసలే బిడ్డకు తిండి సయించదు. పుట్టినప్పటి నుంచీ బక్కపీనుగే. ఒక ముద్ద తినిపించడానికి వాళ్ళవ్వ వాకిలంతా దాని వెంట తిరిగేది. పుస్తకంలో చూసి కోడిగుడ్డు పచ్చసొన ఉడకబెట్టి, పలచటి గుడ్డలో మూటకట్టి, నీళ్ళలో పిండితే అప్పుడు కదిలింది చేప. పొగలా వచ్చిన ఆ సొన మధ్యలోకి దూరి గుటుక్కు గుటుక్కుమంది.

"తిన్నది! అవ్వా, తిన్నది!" అని బిడ్డ ఎగిరింది.

నా భార్య తెలివైన మనిషి. వెంటనే అన్నం పళ్ళెం తెచ్చి బిడ్డ ముందర కూర్చుంది. "చేప తిన్నది గదా. ఇగ నీ వంతు." ఆ రోజు నుంచి అదే ఒప్పందం. చేప తింటే బిడ్డా తినాలి. అంతకుముందు చేప కంపు అంటూ మూతి ముడుచుకున్న నా భార్య, అప్పటి నుంచి దాన్ని నాకంటే బాగా చూసుకుంది. రెండు నెలల్లో మా బిడ్డ బుగ్గలు కాస్త నిండాయి. దాన్ని చూసి మేమిద్దరం ఎంత సంబరపడ్డామో చెప్పలేను.

చేప వేలంత అయ్యాక పచ్చసొన చాల్లేదు. అప్పుడు పెరట్లో నీళ్ళు నింపుకునే గోలెంలో తోకలాడిస్తూ తిరిగే దోమల పురుగులు గుర్తొచ్చాయి నాకు. చాయ వడగట్టే జాలితో నాలుగు తీసి వేస్తే ఆ చేప పడిన ఆత్రం చూడాలి. తొట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపున వచ్చింది. ఇక మా బిడ్డకు రోజూ అదే పని. లేవగానే జాలి పట్టుకుని గోలెం దగ్గరికి పోయేది. ఒక్కొక్క పురుగునే వేసేది. అన్నీ ఒక్కసారి వేస్తే కొన్ని తప్పించుకుని దాక్కుంటాయని, ఒకటి మింగాకే ఇంకొకటి వేయాలని నాకు చెప్పింది. చేప దాని అడుగుల చప్పుడు గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచేది. నేను పోతే వచ్చేది కాదు. తొట్టి పక్కనే తనకు చిన్న మంచం వేయమని బిడ్డ మంకుపట్టు పట్టింది. వేశాం. మేము ముందు గదిలో పడుకునేవాళ్ళం.

శ్రావణంలో వానలు ముదిరాక మందు కొట్టేవాళ్ళు వచ్చారు. మా జిల్లాలో మలేరియా అంటే అందరికీ తెలిసిందే. సర్కారు మనుషులు పంపులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి లోపలి గోడలకు తెల్లటి మందు కొడుతున్నారు. వాళ్ళలో పెద్దాయన వాకిట్లో నిలబడి, "సార్, జర సామాన్ బయట వెట్టుండ్రి. మూడు అర్రలల్ల కొట్టాలె" అన్నాడు.

ఆ మందు చుక్క నీళ్ళలో పడితే చేప బతకదు. అది నాకు తెలుసు. "ముందు గది, వంటిల్లు కొట్టుకోండి. నడిమి గది వద్దు" అన్నాను.

"ఎందుకు సార్?"

"చేప ఉన్నది."

వెనక ఉన్న కుర్రవాళ్ళు నవ్వారు. పక్కింటివాళ్ళు అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. పెద్దాయన నవ్వలేదు, మర్యాదగానే అన్నాడు. "సార్, పిల్లలకు చదువు చెప్పేటోళ్ళు మీరే గిట్లంటె మందికి మేమేం జెప్పాలె?"

నా భార్య మెల్లగా నా దగ్గరికి వచ్చింది. "తొట్టిల నీళ్ళు సగం తోడేసి ఇద్దరం పట్టి అరుగు మీద పెడుదాం. గంతే గదా."

అంతే. కానీ నెల కింద దాన్ని జరిపినప్పుడు ఒక మూల నీళ్ళు కారాయి. లప్పం పెట్టి ఆరబెట్టేదాకా చేప రెండు రోజులు బకెట్లో ఉంది. మళ్ళీ పగిలితే ఎట్లా అన్నాను. నిజం చెప్పాలంటే అదొక సాకు. ఎనిమిదో తరగతికి దోమ బొమ్మ వేసి, అది కుట్టి పోయి గోడ మీద వాలుతుందనీ, అందుకే గోడకు మందనీ పాఠం చెప్పేది నేను. ఆ పాఠం పంపు మోసే మనిషి వీధిలో అందరి ముందూ నాకు చెప్పడమేమిటని ఒళ్ళు మండింది. నోరు పారేసుకున్నాను. నా ఇంట్లో ఏం చేయాలో నాకు తెలుసు, కొడితే కొట్టండి, లేకపోతే దయచేయండి అన్నాను.

ఆయన రెండు గదులు కొట్టించి, వాకిలి పక్క గోడ మీద గదులు మూడు, కొట్టినవి రెండు అని రాసి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ పెరట్లో గోలెం ఒంపేయమన్నాడు. సరేనని తలూపాను. ఒంపలేదు. ఒంపేస్తే చేపకు తిండి ఎట్లా?

భాద్రపదంలో బిడ్డకు జ్వరం వచ్చింది. వానలో తడిసిందనుకుని తులసి కషాయం ఇచ్చాం. ఒకరోజు తగ్గింది, మర్నాడు వణుకుతో మళ్ళీ వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా దాని పళ్ళు టకటకమంటూనే ఉన్నాయి. అప్పుడు తీసుకుపోయాను దవాఖానకు. డాక్టరు రక్తం చూసి మలేరియా అన్నాడు, అక్కడే పడుకోబెట్టి గోలీలు ఇచ్చాడు, సూదులు వేశాడు. ఆయన చేయవలసిందంతా చేశాడు. నాలుగో రోజుకి జ్వరం తలకెక్కింది. మనుషులను గుర్తుపట్టడం పోయింది.

ఐదో రోజు పొద్దున కాసేపు తెలివి వచ్చింది. నన్ను చూసి, "బాపూ, చేప తిన్నదా?" అని అడిగింది.

మూడు రోజులుగా ఆ చేప మొహం చూసినవాళ్ళెవరూ లేరు. "తిన్నది బిడ్డా, కడుపునిండ తిన్నది" అన్నాను.

చేప తింటే తానూ తినాలి కదా. ఒప్పందం గుర్తుంది దానికి. ఎండిపోయిన పెదాలు తెరిచింది. వాళ్ళవ్వ ఒక చెంచా జావ పోసింది. మింగలేకపోయింది, పెదవి పక్క నుంచి కారిపోయింది. మళ్ళీ నోరు తెరిచింది. నేను ఆడిన అబద్ధానికి అది ఆ మాత్రం ఓపిక కూడా ఖర్చు చేసింది. మధ్యాహ్నం బడి గంట వినపడే వేళకు పోయింది.

తరువాత డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఓదార్చాడు. గోలెంలో పుట్టే దోమలు వేరు, మలేరియా దోమలు వేరు, ఇవి వాగుల్లో పుడతాయి, ఏ దోమ ఎక్కడ కుట్టిందో ఎవరు చెప్పగలరు అన్నాడు. ఆయన అన్నది నిజమే కావచ్చు. మందు కొట్టిన ఇళ్ళలో కూడా ఆ ఏడు జ్వరాలు వచ్చాయి. ఇవన్నీ నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ మా ఇంట్లో మందు లేని గది ఒక్కటే, నా బిడ్డ మంచం ఉన్నది ఆ గదిలోనే.

నా భార్య తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. ఆమె తిడితే నేను పడి ఉండేవాణ్ణి, కొట్టినా పడి ఉండేవాణ్ణి. బిడ్డ పోయిన నాలుగో రోజు నేను ఆ తొట్టిని పగలగొడతానని రోకలి పట్టుకుని పోతే, చేతిలోంచి రోకలి తీసి పక్కన పెట్టింది. మళ్ళీ జాలి పట్టుకుని పెరట్లోకి పోయింది. గోలెం నీళ్ళలో పురుగులు తీసి తెచ్చి, ఒకటి మింగాక ఒకటి, బిడ్డ వేసినట్టే వేసింది.

"నీకు చేతులెట్ల వస్తున్నయే?" అన్నాను.

"ఆకలైతది గదా" అంది. పురుగులన్నీ తీశాక గోలెం బోర్లించింది. ఆ తరువాత చేపకు గుడ్డుసొనే పెట్టింది.

దసరా దాటాక మందు కొట్టేవాళ్ళు రెండోసారి వచ్చారు. అదే పెద్దాయన. సంగతి ఆయనకు తెలిసినట్టుంది, వాకిట్లోనే ఆగిపోయాడు. సామాను బయట పెట్టమని కూడా అడగలేకపోయాడు. నా భార్య లోపలికి పోయి తొట్టిలో సగం నీళ్ళు చెంబుతో తోడి పోసింది. కొంగు నడుముకు చెక్కుకుంది. తొట్టికి ఒక పక్క నిలబడి నా వైపు చూసి, "పట్టుండ్రి" అంది.

రెండో పక్క నేను పట్టాను. లేచింది. అంత బరువేమీ లేదు. గడప దాటించి అరుగు మీద దించాం. మూలల్లో ఒక్క చుక్క కారలేదు, అద్దం చెక్కు చెదరలేదు. పెద్దాయన పంపు ఎత్తుకుని నడిమి గదిలోకి పోయాడు. నేను ఆ అరుగు మీదే కూలబడి, వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చాను. వాళ్ళు మొదటిసారి వచ్చిన రోజు నా బిడ్డ కోసం నేను చేయవలసిన పని అంతే. ఇద్దరం పట్టుకుని పది అడుగులు వేయడం.