తమ్ముడు కట్టిన మెట్లు లేని ఇల్లు

పరదాలు కుట్టే ఆవిడను మా వీధంతా పరదాలక్క అంటుంది. భుజాన బండెడు గుడ్డ వేసుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ మూడంతస్తులు ఎక్కి దిగుతుంది. నోరు మాత్రం ఊరుకోదు. నా కంప్యూటర్ రిపేరు షాపు ముందు ఎవడైనా బండి అడ్డం పెడితే నాకంటే ముందు ఆవిడే తగులుకుంటుంది. అలాంటి మనిషి ఆ రోజు తమ్ముడి కంప్యూటర్ డబ్బా ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని, "అన్నా, మసక పోగొట్టు. ఇంకేం అడగను" అంది.

ఆ తమ్ముడు పోయి నెల కాలేదు. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. బతికినన్నాళ్లూ "నీకు మెట్లు లేని ఇల్లు కడతానక్కా" అనేవాడు. కట్టే తాహతు ఎక్కడిది వాడికి? ఆటలో కట్టాడు. అడవిలో బతికే ఆట అది. దానికి ఎవరెవరో తయారుచేసిన అతుకులు, మోడ్లంటారు, డజన్లకొద్దీ తగిలించి గుమ్మం నుంచి కిటికీ దాకా తనకు నచ్చినట్టు పేర్చాడు. ఆదివారం చూపిస్తానన్నాడట. ఆ ఆదివారం రానేలేదు. ఇప్పుడు ఆట తెరిస్తే వాడు ఆడించే బొమ్మ మనిషి నిలబడి ఉన్నాడు, ఎదురుగా ఇల్లుంది, అంతా మసక. నూనె చేత్తో తుడిచిన అద్దంలోంచి చూస్తున్నట్టుంది.

ఇదెంత పని అనుకున్నాను. సెట్టింగుల్లో బ్లర్ అన్న మాట కనబడ్డ ప్రతిచోటా ఆపేశాను. పోలేదు. ఒక కాపీ తీసి పెట్టుకుని మోడ్లు ఒక్కొక్కటే పీకాను. వెలుతురు మోడ్ తీస్తే మసక అలాగే ఉంది. గోడల మోడ్ తీస్తే గోడలే పోయాయి!

"వాడు కట్టింది కూలగొడుతున్నావా అన్నా!" అని పరదాలక్క గుండెలు బాదుకుంది.

"నన్ను పని చేసుకోనిస్తావా లేదా?" అని కసిరాను. నా చేతకానితనం మీది కోపం పాపం ఆవిడ మీద చూపించాను. గోడలు మళ్లీ పెట్టాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆవిడ కుట్టుపని మూలన పడింది. నా బుర్ర వేడెక్కిపోయింది.

"చూసే రాత లేకపోతే పోనీ, వినిపించన్నా," అంది చివరికి. "గోడ అవతల్నుంచి రోజూ వినేదాన్ని వాడి ఆట చప్పుడు."

నాకు మోత పడదు. షాపులో స్పీకర్లు పెట్టను. విసుక్కుంటూనే తగిలించాను.

ఆటలో మనిషి ఆవలించాడు. కాసేపటికి మళ్లీ, ఈసారి ఇంకా పెద్దగా. నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. ఆ మోడ్లలో మనిషికి ఆకలీ నిద్రా పెట్టేది ఒకటుంది, మసకతో దానికేం సంబంధమని నేను ముట్టుకోనిది. నిద్ర చాలకపోతే వాడి చూపు, దాంతోపాటు తెరంతా మసకబారుతుంది. తమ్ముడు చివరిసారి ఆట ఆపేటప్పటికే ఆ మనిషి నిద్రకు తూలుతున్నాడు. అది తెలియక నేను ఇల్లంతా తవ్విపోశాను.

"ఇంతేనమ్మా! మంచం మీద పడుకోబెడితే చాలు!" అని అరిచాను. ఆవిడ మొహం చూశాక నాలుక కరుచుకున్నాను.

"వద్దు," అంది. "ఆ రోజూ ఇలాగే అనుకున్నా. అలసిపోయాడు, పడుకోనీలే అని మధ్యాహ్నం దాకా లేపలేదన్నా. ఇప్పుడు నా చేత్తో మళ్లీ పడుకోబెట్టమంటావా?"

పోనీ మూసేద్దామా అన్నాను. దానికీ తల అడ్డంగా ఊపింది. తెర మీద మనిషి మళ్లీ ఆవలించాడు.

"నిద్రొస్తోంది వెధవకి," అంటూ కళ్లు తుడుచుకుంది. మసకలోనే తడుముకుంటూ వాణ్ణి మంచం దాకా నడిపించాను. మౌస్ ఆవిడ తీసుకుని తనే నొక్కింది. తెర నల్లబడింది.

"లేరా. లేరా నాయనా, లే," అంటూ నా బల్ల అంచు పట్టుకుని ఊపేస్తోంది.

తెర మీద తెల్లారింది. వాడు లేచి కూర్చున్నాడు. మసక చుక్క లేదు. తెరిచిన తలుపు, ఒక్క మెట్టూ లేని గుమ్మం, కిటికీ పక్కన కుట్టుమిషను, కిటికీకి తెల్ల పరదాలు.

"చూడమ్మా, మెట్లు లేవు!" అన్నాను.

ఆవిడ ఇల్లు చూడటం లేదు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, మంచం మీద కూర్చున్న వాణ్ణే చూస్తోంది.

"లేచాడన్నా," అంది. "ఇంకోసారి పడుకోబెట్టు. ఇంకోసారి లేపుతాను."